బండిలోకి ఒక రంపం

నా ఉద్యోగం తప్పులు వెతకడం. ఇరవై ఏళ్ళుగా హైటెక్ సిటీలో ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ తెచ్చి నా ముందు పెడుతుంటారు, అది ఎక్కడ చెడుతుందో నేను చూసి చెబుతుంటాను. ఈ గుణం ఇంట్లోనూ వదలదని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. కూరలో ఉప్పు తక్కువైతే ఊరికే చెప్పనట, ఎన్నో ముద్ద దగ్గర తెలిసిందో కూడా చెబుతానట. అంతటి దాన్ని, నిరుడు ఒక రంపం కొనబోయి బోర్లా పడ్డాను.

రంపం నాకెందుకో చెప్పాలంటే ముందు బండి సంగతి చెప్పాలి. మా ఆయనది మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే షిఫ్టు. నేను సాయంత్రం కొండాపూర్‌లో ఇల్లు చేరేసరికి ఆయన ఉండడు. పొద్దున నేను బయల్దేరేసరికి ఆయన లేవడు. వారంలో ఐదు రోజులు ఫ్రిజ్ మీద అంటించిన చీటీలతోనే మా కాపురం నడుస్తుంది. ఆదివారం బట్టలకీ బంధువులకీ పోతుంది. ఇక మాకంటూ మిగిలేది శనివారం ఒక్కటే. ఆ శనివారాల కోసమే, వెనక సామాను తొట్టి ఉన్న ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాం. దాన్ని మొదటిసారి అపార్ట్‌మెంట్ లోపలికి తెచ్చినప్పుడు వాచ్‌మన్ చుట్టూ తిరిగి చూసి, "కూరగాయల దందా పెడుతున్రా సార్?" అని అడిగాడు. మా ఆయన ఎంతో గంభీరంగా, "టమాటాలతో మొదలెడదామనుకుంటున్నామండి" అన్నాడు.

మేం వెళ్ళేది పెద్ద అడవులకేం కాదు. వికారాబాద్ దాటాక తారు రోడ్డు వదిలేసి, గుట్టల మధ్య, చెరువు కట్టల మీద ఎడ్లబండి పట్టేటంత మట్టి బాటలు ఉంటాయి. అందులో ఏదో ఒకటి పట్టుకుని, ఎక్కడికి తేలుతామో తెలియకుండా పోవడం, ఎక్కడో నీడ చూసుకుని స్టవ్ వెలిగించి ఉప్మా చేసుకోవడం, చీకటి పడేలోగా తిరిగి రావడం. అంతే. కానీ ఆ కొన్ని గంటల్లో ఆయన వారం సంగతులన్నీ నాకు చెప్పేవాడు, నేను నావి చెప్పేదాన్ని. ఆ బండి లేకపోతే మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుంటున్న ఇద్దరు మనుషులం.

బండిలో ఏమేం పెట్టుకోవాలో మాకు ఒక జాబితా ఉండేది. లాగుడు తాడు, గాలి కొట్టే పంపు, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా, మందుల పెట్టె. ఇప్పుడు ఆలోచిస్తే ఆ జాబితాలో ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకసారి మేం పడ్డ భయమే అనిపిస్తుంది. తాడు బురదలో కూరుకుపోయాక వచ్చింది. నీళ్ళ డబ్బా ఒక వేసవి మధ్యాహ్నం తర్వాత వచ్చింది. మనిషి రాబోయే ప్రమాదానికి సిద్ధమవుతున్నాననుకుంటాడు గానీ, నిజానికి సర్దుకునేది అయిపోయిన ప్రమాదానికే. చెట్టు అడ్డం పడితే ఏం చేయాలన్నది మాకు తోచలేదు. ఒకవేళ తోచినా మా ఆయన కోనసీమ మనిషి కాబట్టి బండిలో కొబ్బరి కత్తి ఉండనే ఉంది. కొబ్బరి కత్తితో కాని పని లోకంలో ఉందని ఆ వైపు వాళ్ళు నమ్మరు. మాది అనంతపురం. మా వైపు నరకడానికి చెట్లే తక్కువ కాబట్టి నేను వాదించలేదు.

అంతకు ముందటేడు వానాకాలంలో ఒక శనివారం, తిరిగి వస్తుంటే చెరువు కట్ట మీద పెద్ద తుమ్మ కొమ్మ విరిగి బాటకి అడ్డంగా పడి ఉంది. వెళ్ళేటప్పుడు అది లేదు. కట్ట సన్నం, బండి తిప్పడానికి చోటు లేదు. మా ఆయన కత్తి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. తుమ్మ ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. గంట కొట్టాక కూడా గాటు బెత్తెడు లోతుకి దిగలేదు. ఆయన నడుం పట్టుకుని, "ఊళ్ళోకి నడిచి వెళ్ళి ఎవరినైనా పిలుచుకొద్దామే, నా వల్ల కావట్లేదు" అన్నాడు. ఊరు మూడు కిలోమీటర్లుంటుంది. మళ్ళీ వాన వచ్చేలా ఉంది. నా చెప్పులు అప్పటికే తెగి ఉన్నాయి. నేను బండి బానెట్‌కి ఆనుకుని నిలబడి, "ఇంగ రోంత కొట్టు, అయిపోవచ్చింది" అన్నాను.

ఆయన ఎడమ చేత్తో కొమ్మని అదిమి పట్టి మళ్ళీ కొట్టాడు. నాలుగో వేటో ఐదో వేటో, కత్తి తడి బెరడు మీద జారి ఎడమ చేతి మీదకి వచ్చింది. ఆ తర్వాత నడక, ఎవరిదో ట్రాక్టరు, ఆస్పత్రి, కుట్లు, తర్వాత మరో ఆపరేషన్, నెలల తరబడి వ్యాయామాలు. చెయ్యి నిలిచింది. చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రం పూర్తిగా ముడుచుకోవు. గ్లాసు పట్టుకున్నా, స్టీరింగ్ పట్టుకున్నా ఆ రెండూ నిటారుగా లేచి ఉంటాయి.

ఆ రోజు నేనన్న మాట గురించి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిట్టినదాంట్లో తప్పులు వెతుక్కుంటూ బతికేదాన్ని. నిరుడు వేసవికి చెయ్యి కుదుటపడ్డాక మళ్ళీ నాలుగైదు శనివారాలు వెళ్ళాం. ఏదో మారింది. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోకుండా వెళ్ళి, పెద్దగా మాట్లాడుకోకుండా వచ్చేవాళ్ళం. చివరికి ఒక రోజు భోజనం దగ్గర ఆయన, "బండి అమ్మేద్దాం" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికే పడి ఉంటోంది కదా" అన్నాడు. నాకు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాను. ఆయనకి ఆ బాటలంటే భయం పట్టుకుంది. చేతికి సరైన పనిముట్టు లేకపోవడం వల్ల వచ్చిన భయం కాబట్టి, సరైన పనిముట్టు తెచ్చిపెడితే పోతుంది. బండి నిలవాలంటే రంపం కావాలి.

ఇక నా విద్య అంతా బయటికి తీశాను. కంప్యూటర్‌లో పట్టిక వేశాను. రంపం పొడవు, పళ్ళ మధ్య ఎడం, బరువు, తుప్పు పడుతుందా, సీటు కింద పడుతుందా, తడిచేతికి జారుతుందా, ఇలా పదిహేడు నిలువు వరసలు. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీమంతా దీని మీద పడ్డారు. ఒకతను మడత రంపం అన్నాడు. ఇంకొకామె విల్లులా వంగి ఉండే రంపం అంది. మరొకతను ఎవరెవరివో వీడియోలు చూపించి, మంచు దేశాల్లో ఇదే వాడతారని ఒట్టేశాడు. పన్నెండుమందిమి మూడు రోజులు వాదించుకున్నాం. మాలో ఒక్కరం కూడా జీవితంలో పొయ్యిలోకి ఒక కట్టె కోసి ఎరగం.

ముందు ఒక మడత రంపం తెప్పించాను. అపార్ట్‌మెంట్ తోటమాలి కొట్టి పడేసిన కొమ్మలుంటే టెర్రస్ మీదకి మోసుకెళ్ళి పరీక్ష పెట్టాను. సర్రున దిగింది. ఇరవై కొమ్మలు కోసి, ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో రాసుకుని, పాసైనట్టు లెక్క వేశాను. తర్వాత అనుమానం వచ్చి, అసలు తుమ్మ మీద చూద్దామని గోపన్‌పల్లిలో ఒక వడ్రంగి షెడ్డుకి వెళ్ళాను. చుట్టూ పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచినా ఆ రేకుల షెడ్డు కదలలేదు. అక్కడి వాళ్ళు ఆయన్ని వడ్లాయన అంటారు. అరవై దాటిన మనిషి. నేల మీద కూర్చుని, చెక్కని కాలితో అదిమిపట్టి కోస్తున్నాడు. నేను మా శనివారాల సంగతీ, పరీక్ష సంగతీ చెబితే కొమ్మలు ఏం చెట్టువని అడిగాడు. మునగ అన్నాను.

"మునక్కొమ్మనా? అది గోరుతోని గిల్లినా తెగుతదమ్మా" అని నా చేతికి ఒక తుమ్మ మొద్దు ఇచ్చాడు. దాని మీద నా మడత రంపాన్ని బలంగా ముందుకు తోశాను. రంపం రేకు చటుక్కున వంగిపోయింది. "నూకొద్దు, గుంజాలె. పండ్లు ఎటు చూస్తున్నయో జూడు" అన్నాడు ఆయన నిదానంగా. నా పదిహేడు వరసల్లో అది లేదు. సిగ్గుపడుతూ, మరి ఏ రంపం మంచిదో మీరే చెప్పండని అడిగాను.

"ఎవరు కోస్తరు?"

"మా ఆయన."

"అయితే ఆయన్ని తోల్కరా. మనిషిని జూసి చెప్త."

బేరం కోసం చెప్పే మాటనుకున్నాను. రంపం మంచిచెడ్డలు రంపంలో ఉంటాయి గానీ మనిషిలో ఏముంటాయి అనుకున్నాను. పైగా మా ఆయనకి తెలియకుండా చేస్తున్న పని ఇది. ఇంటికొచ్చి పట్టికలో మార్కులు మళ్ళీ కూడితే, అన్నిటికన్నా పైన చెట్లు కోసే బ్యాటరీ మిషన్ తేలింది. తుమ్మనైనా నిమిషంలో కోస్తుంది, ఒంటికి శ్రమ లేదు. దసరాకి ముందు తెప్పించి బట్టల బీరువాలో దాచాను.

ఆయుధ పూజ రోజు మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో బండ్లన్నిటికీ వరసగా పూజ చేస్తారు. మా వంతు వచ్చినప్పుడు, పసుపు కుంకుమ పెట్టి బంతిపూలు చుట్టిన మిషన్‌ని తెచ్చి బానెట్ మీద పెట్టాను. మా ఆయన తెల్లబోయాడు. పంతులుగారు దానికీ ఒక బొట్టు పెట్టి మంత్రం చదివారు. చుట్టుపక్కల వాళ్ళు మూగారు. ఎదురింటాయన ఫోన్ తీసి, "ఒక్కసారి చేత్తో పట్టుకోండి సార్, ఫొటో తీస్తా" అన్నాడు.

ఆయన కుడి చేత్తో వెనక పిడి పట్టుకున్నాడు. ముందరి పిడి ఎడమ చేత్తో పట్టుకోవాలి. పట్టుకున్నాడు. రెండు వేళ్ళు లేచే ఉన్నాయి. మిషన్ బరువుకి పిడి మిగతా వేళ్ళలోంచి తిరిగిపోయి, ముందు భాగం నేల వైపు వాలింది. ఆయన మళ్ళీ సర్దుకుని ఎత్తాడు. మళ్ళీ వాలింది. ఫోన్ పట్టుకున్నాయన ఫొటో తీయకుండానే ఫోన్ దించేశాడు. మా ఆయన మిషన్‌ని జాగ్రత్తగా బానెట్ మీద పెట్టి, నా వైపు తిరిగి నవ్వి, "బాగుంది, మంచిది కొన్నావు" అన్నాడు.

నేను చచ్చిపోయాననుకున్నాను. వానలో జారుతుందా అని చూశాను. సీటు కింద పడుతుందా అని కొలిచాను. ఆ చెయ్యి దాన్ని పట్టుకోగలదా అన్నది చూడలేదు. సెలవు రోజు వస్తే నా ఎదుటే గ్లాసు పట్టుకునే చెయ్యి. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా ఆఫీసులో ఇలాంటి తప్పు చేస్తే, వాడేది ఎవరో ముందు కనుక్కోవాలమ్మా అని గంట క్లాసు పీకేదాన్ని.

మర్నాడు మా ఆయన ఫొటోలు తీసి బండిని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేశాడు. రెండు రోజుల్లో ఒకాయన ఫోన్ చేసి, వచ్చే ఆదివారం చూడటానికి వస్తానన్నాడు. మాట్లాడుతున్నంత సేపు నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ విన్నాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, బుధవారం సెలవు పెట్టి, పొద్దున్నే ఆయన్ని లేపి, "నాతో గోపన్‌పల్లి దాకా రా" అన్నాను. దేనికో చెప్పాను. రానంటాడనుకున్నాను. చొక్కా వేసుకుని వచ్చాడు.

వడ్లాయన మిషన్ గురించి అడగలేదు, దెబ్బ గురించీ అడగలేదు. మా ఆయన ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ముడిచి తెరిచి చూశాడు. "ఈ చేతికి పని చెప్పొద్దు సార్. కాలున్నది గద" అని నేల మీద కూర్చోబెట్టి, కట్టెని కాలితో అదిమించి, కుడి చేతికి తన రంపం ఇచ్చాడు. పళ్ళు కోసేవాళ్ళ వైపు తిరిగి ఉన్న పాత తరహా రంపం. లాగితేనే కోస్తుంది. మా ఆయన మెల్లగా లాగాడు. రంపపు పొట్టు కాలి మీద రాలింది. అలా ఒక కట్టె పూర్తిగా కోసి, తెగిన ముక్కని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ నిమిషంలో నాకు ఏడుపొచ్చింది, మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాను.

"ఇగ నువ్వు రామ్మా" అన్నాడు వడ్లాయన.

"నేనెందుకు?"

"బండిల ఇద్దరు పోతరు గద. కొమ్మ పడితె ఒక్కలు కోసి ఒక్కలు నిలవడి చూస్తరా?"

ఆ ముసలాయనకి ఆ రోజు సంగతి ఏమీ తెలియదు. అయినా నాకు తుమ్మ కొమ్మ, బానెట్‌కి ఆనుకుని నిలబడ్డ నేను కళ్ళముందు కదిలాం. పదిహేడు వరసల్లో ఒక్కచోట కూడా కోసేది నేను అని రాసుకోలేదు. పాంటు మడుచుకుని కూర్చున్నాను. అరచేయి బొబ్బలెక్కేదాకా లాగాను. శుక్రవారానికి వడ్లాయన అలాంటిదే ఇంకో రంపానికి మా ఇద్దరి చేతికీ కుదిరేలా కొత్త పిడి చెక్కి, పట్టు కోసం నూలుతాడు చుట్టి ఇచ్చాడు.

మర్నాడు శనివారం. అమ్మేముందు చివరిసారి పోయొద్దామని నేనే అడిగాను. ఆయన సరేనన్నాడు. ఆ చెరువు కట్ట వైపు వద్దనుకుని గుట్ట అవతలి బాట పట్టాం. ఒక వాగు దాటాక వేప కొమ్మ ఒకటి బాట మీదకి ఒరిగి ఉంది. పెద్దదేం కాదు, పక్కనుంచి కష్టపడితే బండి పట్టేదే. ఆయన బండి ఆపి నా వైపు చూశాడు. నేను రంపం తీసుకుని దిగాను.

మూడు నాలుగు లాగులయ్యాక, తలెత్తకుండానే, "ఆ పొద్దు ఇంగ రోంత కొట్టమన్నది నేనే" అన్నాను.

"తెలుసు. అక్కడే ఉన్నాగా."

"ఊళ్ళోకి పోదామన్నావు నువ్వు. నేనే వద్దంటి. నీ చెయ్యి నా వల్లే పాయె."

ఆయన వచ్చి కొమ్మకి అవతల గొంతుక్కూర్చున్నాడు. "నాకు భయమేసి బండి అమ్ముతున్నాననుకున్నావు కదా" అన్నాడు. "భయమేం లేదే. ఆ రోజు నుంచీ బండెక్కితే నువ్వు దారి చూడట్లేదు, నాతో మాట్లాడట్లేదు. నా చెయ్యే చూస్తున్నావు. స్టీరింగ్ తిప్పితే చూస్తావు, గేరు మారిస్తే చూస్తావు. నిన్నలా చూడలేక అమ్మేద్దామన్నాను."

నేనలా చూస్తున్నట్టు నాకే తెలియదు.

"ఇక చూడనంటే చెప్పు. రేపు బండి చూడ్డానికి రావద్దని ఆయనకి ఫోన్ చేస్తాను."

"చూడను" అన్నాను.

మళ్ళీ రంపం అందుకున్నాను. కొమ్మ సగం తెగేసరికి ఊగడం మొదలుపెట్టింది, రంపం గాటులోంచి ఎగురుతోంది. ఆయన చెయ్యి చాచి కొమ్మని అదిమిపట్టాడు. ఎడమ చెయ్యి. గాటుకి జానెడు దూరంలో.

నేను ఆపేశాను. "చెయ్యి తియ్యి" అన్నాను.

"చూడనన్నావుగా. కొయ్యి."

తియ్యలేదు. నేను గాటు మీదే కళ్ళు నిలిపి, రంపాన్ని నా వైపుకి లాగాను.